మ్యాడ్ మ్యాక్స్ గేమ్: నాలుగేళ్లు ఆడాక చెబుతున్నా

మ్యాడ్ మ్యాక్స్ సినిమాల ప్రపంచంలో, ఎడారిలో కారు నడుపుతూ శత్రువులతో పోరాడే ఈ వీడియో గేమ్ 2015 సెప్టెంబర్ 1న వచ్చింది. మెటల్ గేర్ సాలిడ్ 5 అనే పెద్ద గేమ్ కూడా అదే రోజు రావడంతో దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. విమర్శకులు సగటున వందకి 70 దగ్గర మార్కులు వేశారు. కారు బాగుంది, ఎడారి బాగుంది, కానీ చేసిన పనే మళ్లీ మళ్లీ చేయాలి అన్నారు. ఆ మాటలు చదివి నేనూ చాన్నాళ్లు కొనలేదు. పొరపాటు చేశాను.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. డ్యూటీ నుంచి వచ్చి అన్నం తిన్నాక ఒక గంట ఆడతాను, అంతే. రివ్యూ రాసేవాళ్లు గడువులోపు ఆట ముగించాలి కాబట్టి, వరసగా ఇరవై క్యాంపులు (శత్రువుల స్థావరాలు) కొడితే ఎవరికైనా విసుగొస్తుంది. రోజుకొక క్యాంపు కొట్టి, నాలుగు స్క్రాప్ (ఇనప తుక్కు) ముక్కలు ఏరుకుని, కారుకి ఒక రేకు బిగించుకుంటే ఆ విసుగు దగ్గరికి రాదు.

అసలు మజా హార్పూన్‌లో, అంటే మన కారు నుంచి తీగ కట్టిన కొక్కెం విసిరే ఆయుధంలో ఉంది. పక్కన దూసుకొస్తున్న కారు చక్రానికి గురిపెట్టి వదిలితే కొక్కెం దిగబడుతుంది, తీగ బిగుసుకుంటుంది, టైరు ఊడి మన వైపు ఎగిరొస్తుంది. ఆ కారు మూడు కాళ్ల మీద కుంటుతూ ఇసుకలో బోల్తా కొడుతుంది. ఇన్నేళ్లలో ఇది నాకు ఒక్కసారీ పాతబడలేదు. ఇంకోటి, ఇసుక తుఫాను. ఆకాశమంత దుమ్ము గోడ మీదికొస్తుంది, పిడుగులు పడతాయి, ఇనప రేకులు గాల్లో ఎగురుతాయి. మన రోహిణి కార్తె వడగాలి తిన్నవాళ్లకి అది ఇంకా బాగా తెలుస్తుంది.

లోపాలు లేవనను. క్యాంపు నాయకులతో పోరాటాలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. కారుకి ఫలానా భాగం బిగిస్తే తప్ప కథ కదలదని మధ్యలో ఆపేస్తుంది. పెట్రోలు కరువని కథలో చెబుతారు గానీ, ట్యాంకు ఖాళీ అయి నేను ఆగిపోయింది ఒక్కసారీ లేదు. ఆ టెన్షన్ పెట్టి ఉంటే ఎంత బాగుండేది!

దీన్ని తయారుచేసిన అవలాంచ్ స్టూడియోస్ అదే ఏడాది జస్ట్ కాజ్ 3 అనే ఇంకో గేమ్ కూడా తెచ్చింది. నాకు మాత్రం మ్యాడ్ మ్యాక్సే ఎక్కువ ఇష్టం.

సంక్రాంతి సెలవులకి మా మేనల్లుడు వస్తే వాడి చేతికిచ్చాను. రెండు గంటలు మిషన్ జోలికే వెళ్లలేదు. అన్నానికి పిలిస్తే, "ఇంకో తుఫాను చూసి వస్తా మామయ్యా" అన్నాడు.