ఏథెన్స్‌లో వెండి చూడండి, ప్లాకాలో మాత్రం కొనకండి

ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండకోట కింద ప్లాకా పేట సందుల్లో వెండి కొనబోయేవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఒక కొట్లో పాత ఏథెన్స్ నాణేల నకళ్లు పెట్టారు, ఒకవైపు ఎథీనా దేవత, రెండోవైపు గుడ్లగూబ. "స్వచ్ఛమైన వెండి, బరువూ అసలుదానంతే" అంటూ కొట్టువాడు 65 యూరోలు చెప్పాడు. మా బావమరిది ముచ్చటపడ్డాడు. టెట్రాడ్రాక్మ అనే ఆ అసలు పాత నాణెం 17 గ్రాముల పైచిలుకు తూగుతుంది. ఇది చేతికే తేలిగ్గా ఉంది. ఒకసారి కాటా మీద పెట్టమన్నాను. మన దగ్గర పట్టీలు కొన్నా ముందు తూకమే కదా! అతను నాణెం లాక్కుని, కొనకపోతే దారి వదలమని కసిరాడు. బావమరిది మొహం మాడిపోయింది. రాత్రి భోజనం దగ్గర కూడా నోరు విప్పలేదు.

నా కోపానికి ఇంకో కారణం ఉంది. ఆ ఊరి పాత సంతవీధి అగోరాలోనే క్రీ.పూ. 375 నాటి నికోఫోన్ చట్టం ప్రకారం నాణేలు పరీక్షించే మనిషి కూర్చునేవాడు. లోపల కంచో సీసమో ఉందని తేలితే నాణేన్ని అక్కడికక్కడే నరికేసేవాడు. చట్టం చెప్పినట్టు పరీక్షించకపోతే అతనికే 50 కొరడా దెబ్బలు. వెండిని అంత పట్టింపుగా చూసిన ఊళ్లో తూకం అడిగితే తప్పా?

హోటల్ బాగానే ఉంది. కాకపోతే బుకింగ్‌లో కట్టినది కాక, 3 స్టార్ గదికి రాత్రికి 5 యూరోల ప్రభుత్వ వాతావరణ రుసుం కౌంటర్లో కట్టాల్సి వచ్చింది.

మర్నాడు 1.20 యూరోల మెట్రో టికెట్‌తో సింటాగ్మాలో దిగి నాణేల మ్యూజియానికి నడిచాం. పురాతన ట్రాయ్ నగరాన్ని తవ్విన ష్లీమన్ ఇల్లే అది. ఎగీనా తాబేలు, కొరింథు రెక్కల గుర్రం, ఏథెన్స్ గుడ్లగూబ: ఒక్కో నగరానిదీ ఒక్కో ముద్ర. అప్పట్లో చాలా గుడ్లగూబ నాణేల మీద ఉలిగాట్లు పడ్డాయి, లోపలా వెండేనా అని తూర్పు వర్తకులు చూసుకున్నవి. ఏథెన్స్ దగ్గరి లావ్రియోన్ గనుల్లో బానిసలు తవ్విన వెండి అది. క్రీ.పూ. 483లో కొత్తగా పడిన వెండిని పౌరులకు పంచబోతే, థెమిస్టోక్లీస్ అనే నాయకుడు యుద్ధ ఓడలు కట్టిద్దామని ఒప్పించాడు. మూడేళ్లకు సలామిస్ సముద్ర యుద్ధంలో పర్షియన్లను ఓడించింది ఆ ఓడలే. అక్రోపోలిస్ జనసందోహం కంటే ఈ గదుల్లోనే నాకు ఏథెన్స్ బాగా అర్థమైంది. తోటలో కాఫీ తాగేసరికి బావమరిదీ మామూలు మనిషయ్యాడు.

అసలు పాత నాణెమే ఇస్తామనేవాళ్ల దగ్గర అసలు ఆగకండి. అనుమతి లేకుండా దేశం దాటిస్తే నేరం. గుడ్లగూబ కావాలంటే గ్రీసు 1 యూరో బిళ్ల మీద ఆ పాత నాణెం బొమ్మే ఉంది, చిల్లరలో వస్తుంది.