మధురపూడి నుంచి శంషాబాద్: ఈ గంటంపావు విమానం ఎవరికి పనికొస్తుంది?

రాజమండ్రి మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి శంషాబాద్‌కి తిన్నగా కొలిస్తే దాదాపు 360 కిలోమీటర్లు. ఈ రూటులో తిరిగే ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం గంటకి 500 కిలోమీటర్ల దాకా పోతుంది కాబట్టి ముప్పావుగంటలో దింపేయాలి కదా అంటారు మా బావగారు. ఆయన లెక్కలో విమానం గాల్లోనే పుట్టి గాల్లోనే ఆగుతుంది మరి! రన్‌వే దాకా వెళ్లడం, పైకి లేవడం, శంషాబాద్ దగ్గర దిగడానికి వంతు కోసం చూడటం, అన్నీ కలిపి టికెట్టు మీద గంటంపావు వేస్తారు.

అసలు టైమంతా నేలమీదే పోతుంది. మాది కోనసీమలో అంబాజీపేట. కొత్తపేట, రావులపాలెం మీదుగా గోదావరి దాటి, రాజమండ్రి పక్కనుంచి కోరుకొండ రోడ్డెక్కి ఎయిర్‌పోర్టు చేరేసరికి రెండు గంటలు. రావులపాలెంలో అరటిగెలల బళ్లు అడ్డుపడితే ఇంకాస్త. గంట ముందే కౌంటరు మూసేస్తారు గనక ఆ టెన్షన్ ఒకటి. అవతల శంషాబాద్‌లో దిగాక కూకట్‌పల్లిలో మా అమ్మాయి ఇంటికి ఆర్టీసీ వాళ్ల ఎయిర్‌పోర్టు బస్సు పుష్పక్‌లో మరో గంటన్నర. పొద్దున్న ఏడింటికి గడప దాటితే భోజనం వేళ దాటాకే చేరతాం. అదే రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే తెల్లారి లింగంపల్లిలో దిగొచ్చు, కూకట్‌పల్లి అక్కడికి దగ్గరే. సిటీలో పనికైతే నా ఓటు గౌతమికే.

గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లేవాళ్ల సంగతి వేరు. కోనసీమలో అలాంటివాళ్లు లేని వీధి ఉండదు. వాళ్లకి సికింద్రాబాద్‌లో దిగి సామానుతో శంషాబాద్ దాకా పరుగెత్తే బాధ తప్పుతుంది. రెండు విమానాలూ ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకోండి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినా అడిగే దిక్కుండదు.

ఇక ఏటీఆర్ గురించి. అటు రెండు, ఇటు రెండు సీట్లు. వెనక తలుపు నుంచే ఎక్కడం, దిగడం కాబట్టి వెనక సీట్లవాళ్లే ముందు బయటపడతారు. తల మీద అరలు చిన్నవి, చక్రాల సూట్‌కేసుని మెట్ల దగ్గరే తీసుకుని దిగాక ఇస్తారు. పెద్ద విమానాలంత ఎత్తుకి పోదు, వానాకాలం మధ్యాహ్నాలు బాగా కుదుపుతుంది. కానీ రెక్కలు పైన ఉంటాయి గనక కిటికీకి రెక్క అడ్డురాదు. హైదరాబాద్ నుంచి వచ్చేటప్పుడు కుడివైపు కూర్చోండి. మబ్బు లేకపోతే గోదావరి మీద వంతెనలు వరసగా, ఆ కింద ధవళేశ్వరం ఆనకట్ట, దాని తర్వాత పాయలుగా చీలిన నది కనిపిస్తాయి. టికెట్టు డబ్బుల్లో సగం దానికే ఇచ్చాననుకుంటాను నేను.

మా వైపువాళ్లకి ఒక మాట. ఆత్రేయపురం పూతరేకులు చేతిసంచీలో పట్టుకెళ్లండి, పెద్ద బ్యాగులో వేస్తే పొడే మిగులుతుంది. ఆవకాయ పెద్ద బ్యాగులోకి. కురిడీ కొబ్బరి, అంటే ఎండు కొబ్బరి, మాత్రం ఎందులోనూ పెట్టకండి. అందులో నూనె ఎక్కువ, దానంతటదే వేడెక్కి అంటుకునే సరుకుల్లో లెక్క. మా ఊరి మార్కెట్లో బస్తాలకి బస్తాలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉంటాయని ఎయిర్‌పోర్టులో ఎంత చెప్పినా వినరు. మనవరాలి కోసం కొబ్బరిలౌజు ఇంటి దగ్గరే చేసి డబ్బాలో పెట్టుకోవడం మేలు.