21 రకాల పత్రి కట్ట: కొనే ముందు, విప్పిన తర్వాత

వినాయక చవితి దగ్గర పడగానే పూల మార్కెట్లలో, రైతు బజార్ల బయట, ఇప్పుడు ఫోన్ యాప్‌లలో కూడా '21 రకాల పత్రి' అని కట్టలు అమ్ముతారు. స్వామికి పచ్చని ఆకులు సమర్పిస్తే చాలనుకునేవాళ్లకు ఈ కట్ట సరిపోతుంది. వ్రతకల్పంలో పేరు చదివినప్పుడు ఆ ఆకే చేతిలో ఉండాలనుకుంటే మాత్రం దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

గరిక, మారేడు, మామిడి, రావి, దానిమ్మ, తులసి, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు దాదాపు ప్రతి కట్టలో ఉంటాయి. వీటిలో గరిక, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త భాద్రపదం నాటికి వానలు పడి గట్ల మీద, కాలువల పక్కన ఏపుగా పెరిగేవే. రేగాకు కూడా దొరుకుతుంది. అడుగున తెల్లటి నూగు, మొదలు నుంచి బయలుదేరే మూడు ఈనెలు దాని గుర్తు.

తేడాలు మిగతావాటితోనే వస్తాయి. మాచిపత్రి బదులు చామంతి ఆకు పెట్టేస్తుంటారు. రెండూ చీలికలుగానే ఉంటాయి, రెండింటికీ ఘాటు వాసనే. ఆకు తిరగేసి చూస్తే మాచిపత్రి అడుగు తెల్లగా, నూగుగా ఉంటుంది. చామంతిది అంత తెల్లగా ఉండదు. జమ్మి అని ఇచ్చేది ఒక్కోసారి సర్కారు తుమ్మ. రెండింటి ఆకులూ సన్నగానే ఉంటాయి కాబట్టి రెమ్మ చూడాలి. జమ్మికి చిన్న ముళ్లు కణుపుల మధ్య అక్కడొకటి ఇక్కడొకటిగా ఉంటాయి. సర్కారు తుమ్మకు పొడవాటి గట్టి ముళ్లు కణుపు దగ్గరే వస్తాయి. దసరాకు మళ్లీ జమ్మి కొనాలి కదా, ఈ గుర్తు అప్పుడూ అక్కరకొస్తుంది.

మద్ది ఆకును పోల్చుకోవడానికి మంచి గుర్తుంది. కాడ ఆకును కలిసే చోట అడుగు వైపు రెండు చిన్న బొడిపెలు ఉంటాయి, వేలితో తడిమితే తెలుస్తాయి. వాకుడాకు అయితే ఈనెల మీద కూడా ముళ్లుంటాయి. సంచీలు చిరుగుతాయని అమ్మేవాళ్లు దాన్ని తీసేస్తుంటారు. విష్ణుక్రాంతం నేలబారు మొక్క. ఆకు చిన్నది, నూగుగా ఉంటుంది, నీలం పువ్వు చిన్న గుండీ అంత ఉంటుంది. దాని పేరుతో శంఖుపూల తీగ వస్తే తిప్పి ఇచ్చేయండి.

దేవదారు విషయంలో అమ్మేవాళ్లను తప్పుపట్టలేం. పురాణాల్లోని దేవదారు హిమాలయాల చెట్టు, ఆకులు సూదుల్లా ఉంటాయి. మన దగ్గర వీధుల్లో నిటారుగా పెంచే నరమామిడినే దేవదారు అంటారు, కట్టలో వచ్చేదీ ఆ అలల అంచు ఆకే. గండకీ పత్రం ఏదన్నదానిపై పుస్తకాలే ఒక్క మాట మీద లేవు. దేవకాంచనం ఇస్తే వాదించక తీసుకోవచ్చు.

ఈ కట్టలకున్న పెద్ద లోపం వేరే ఉంది. గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు విషపు ఆకులని సంచీ మీద రాయరు. గన్నేరు కడుపులోకి పోతే గుండె లయ దెబ్బతింటుంది. ఉమ్మెత్త తింటే నోరు ఎండిపోయి, కనుపాపలు విప్పారి, మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. జిల్లేడు పాలు కంట్లో పడితే పెద్దగా నొప్పి లేకుండానే చూపు మసకబారవచ్చు, అందుకే చాలామంది పట్టించుకోరు. వెంటనే ధారగా నీళ్లు పోసి కడిగి, కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిల్లలు ఈ ఆకులు నమిలితే బలవంతంగా కక్కించకండి. ఆ ఆకు కూడా పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తండి.

కట్ట ఇంటికి రాగానే రబ్బరు బ్యాండు తీసేయండి. తడి ఆకులను పాలిథిన్ సంచీలో బిగించి ఉంచితే తెల్లారేసరికి మధ్యలోవి వేడెక్కి నల్లబడతాయి. విషపు ఆకులు మూడూ వేరే పళ్లెంలో పెట్టి, జిల్లేడు కాడలను కాగితంలో చుట్టండి, లేకపోతే పాలు కారి మిగతా ఆకులకు అంటుతాయి. మిగిలినవాటిని రెండు మూడు నీళ్లలో కడిగి, నీరు ఓడ్చి, తడిగుడ్డ కప్పి బుట్టలో నీడన ఉంచాలి. గరికను మొదళ్లు మునిగేలా గ్లాసు నీళ్లలో నిలబెట్టండి. తులసిని ఫ్రిజ్‌లో పెట్టకండి, చలికి నల్లబడుతుంది.

గరిక మాత్రం విడిగా, ఎక్కువగా కొనండి. కట్టలో వచ్చే గుప్పెడు చాలదు. అనలాసురుణ్ణి మింగిన గణపతికి ఒళ్లంతా మంటలైతే 21 గరికలతో చల్లారిందని కథ. గరిక చలువ చేస్తుందని వైద్యంలోనూ వాడుక ఉంది. రెండేసి పోచలు కలిపి 21 జంటలుగా సమర్పించేవాళ్లకు 42 పోచలు కావాలి. మూడు చీలికల చిగురున్న లేత పోచలు ఏరుకోండి.

పూజ అయ్యాక ఈ ఆకులతో కషాయం కాచుకోవడం మంచిది కాదు. విషపు ఆకులతో కలిసి ఉన్నవి, రోడ్ల పక్కన కోసినవి కదా. జలుబుకు వావిలాకు ఆవిరి కావాలంటే తెలిసిన చెట్టు నుంచి గుప్పెడు ఆకు విడిగా తెచ్చి, లీటరు నీళ్లలో మరిగించి పట్టాలి.

నిర్మాల్యాన్ని ఆవులకు, మేకలకు వేయడం చాలా ఊళ్లలో అలవాటు. అందులో గన్నేరు ఉంటే పశువు ప్రాణానికే ముప్పు. పత్రి నీటిని శుద్ధి చేస్తుందని చెరువులో పోసేవాళ్లున్నారు. ఆకులు కుళ్లేటప్పుడు నీళ్లలోని ప్రాణవాయువు తగ్గి చేపలకే ఇబ్బంది. మట్టిలో గుంట తీసి పత్రిని పరిచి, మధ్యమధ్య మన్ను చల్లి కప్పేస్తే కొన్ని నెలల్లో ఎరువవుతుంది. వాకుడు, రేగు ముళ్ల రెమ్మలను మాత్రం ముక్కలు చేసి అడుగున వేయండి, తర్వాత ఎరువు తీసేటప్పుడు చేతికి గుచ్చుకోవు.