లోయరింగ్ స్ప్రింగులా, జోడీ కిట్టా, కాయిలోవర్లా: స్పోర్టీ కారుకు ఏది మేలు?

సస్పెన్షన్ మార్చాలనుకునేవారిలో చాలామంది ముందు చూసేది కారు ఎత్తు. టైరుకూ ఫెండరుకూ మధ్య ఖాళీ తగ్గితే కారుకు అందం వస్తుంది, కాదనలేం. కానీ మలుపులో కారు ఎలా నడుస్తుందో తేల్చేవి వేరే రెండున్నాయి: స్ప్రింగును షాక్ అబ్జార్బరు ఎంత బాగా అదుపు చేస్తోంది, చక్రం పైకి కదలడానికి ఇంకా ఎంత చోటు మిగిలింది. ఏ కిట్టునైనా ఈ రెండు కొలతలతోనే చూడాలి. ఎత్తు ఆ తర్వాతి సంగతి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. టైర్లు గట్టిపడిపోయి, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయి) బుష్‌లు, అంటే దాని రబ్బరు కీళ్లు చిరిగి, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ కలిసిన నిలువు భాగం) టాప్ మౌంట్లు టకటకమంటుంటే ఎంత మంచి కిట్ వేసినా తేడా తెలియదు. మంచి టైర్లు, కొత్త బుష్‌లు, సరైన అలైన్‌మెంట్ ఉన్న ఫ్యాక్టరీ సస్పెన్షన్ అరిగిన బుష్‌ల మీద బిగించిన కాయిలోవర్ (ఎత్తు మార్చుకోగలిగేలా స్ప్రింగు, షాక్ కలిసి వచ్చేది) కంటే బాగా నడుస్తుంది. ముందు వాటి సంగతి చూడండి.

లోయరింగ్ స్ప్రింగులు

ఫ్యాక్టరీ షాక్‌లను అలాగే ఉంచి స్ప్రింగులు మాత్రమే మార్చడం అన్నిటికన్నా చవకైన దారి. ఇవి సాధారణంగా 20 నుంచి 40 మి.మీ. దాకా కారును దించుతాయి, ఫ్యాక్టరీ స్ప్రింగు కంటే 15 నుంచి 30 శాతం గట్టిగా ఉంటాయి. మలుపులో బాడీ ఒరగడం తగ్గుతుంది, బ్రేకు వేస్తే ముక్కు వంగడం తగ్గుతుంది. మొదటి రోజు నడిపినవారికి నచ్చేది అదే.

చిక్కు మిగిలిన చోటు దగ్గర వస్తుంది. డ్రైవరు కూర్చున్నాక బంప్ స్టాప్ (కదలిక చివర్లో షాక్‌ను ఆపే రబ్బరు దిమ్మ) తగలడానికి ముందు స్ట్రట్‌కు 50 మి.మీ. కదలిక ఉందనుకుందాం. 35 మి.మీ. దించితే మిగిలేది 15. స్ప్రింగు గట్టిదే కదా, తక్కువ కదిలితే సరిపోతుంది అంటారు. లెక్క వేస్తే, పాత స్ప్రింగు 50 మి.మీ. నొక్కుకుపోయే గుంతలో 25 శాతం గట్టి స్ప్రింగు దాదాపు 45 మి.మీ. నొక్కుకుంటుంది. కావలసింది 45, ఉన్నది 15. మిగతా భారమంతా బంప్ స్టాప్ మీద పడుతుంది. అది తగిలిన క్షణాన ఆ చక్రం దగ్గర గట్టిదనం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరుగుతుంది. మలుపు మధ్యలో చిన్న ఎత్తుపల్లం తగిలి కారు పక్కకు జరిగిందంటే చాలాసార్లు కారణం ఇదే. "స్ప్రింగులు మరీ గట్టిగా ఉన్నాయి" అనే ఫిర్యాదు వెనుక అసలు సంగతి కూడా తరచుగా బంప్ స్టాప్ మీద నడుస్తున్న కారే. తెలుసుకోవడం తేలిక: స్ట్రట్ రాడ్‌కు ఒక జిప్ టై బిగించి, రోజూ వెళ్లే దారిలో నడిపి, అది ఎంత దూరం జరిగిందో చూడండి. బంప్ స్టాప్‌కు ఆనుకుని ఉంటే జవాబు దొరికినట్టే.

రెండో చిక్కు రీబౌండ్. నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేటప్పుడు దాన్ని పట్టి ఉంచాల్సింది షాక్. స్ప్రింగు 30 శాతం గట్టిపడితే అదే అదుపు నిలవడానికి డాంపింగ్ (ఊగుడును షాక్ అణచే బలం) సుమారు 14 శాతం పెరగాలి. కొత్త ఫ్యాక్టరీ షాక్‌లో ఆ కాస్త మిగులు దొరకవచ్చు. ఏళ్ల తరబడి తిరిగిన షాక్‌లో ఉన్నదే తగ్గిపోయి ఉంటుంది. అందుకే పాత షాక్‌ల మీద కొత్త స్ప్రింగులు వేసిన కారు హైవేలో ఒక ఎగుడు దాటాక రెండు మూడు సార్లు ఊగి గానీ కుదుటపడదు, కొన్నాళ్లకు షాక్‌ల సీళ్లు నూనె కారుస్తాయి.

కాబట్టి స్ప్రింగులు మాత్రమే మార్చాలంటే కారు దాదాపు కొత్తదై ఉండాలి, 20–25 మి.మీ. మించి దించకూడదు.

స్ప్రింగు, షాక్ కలిసి వచ్చే జోడీ కిట్

రోడ్డు మీద నడిచే స్పోర్టీ కారుకు మా ఓటు దీనికే. కంపెనీ ఒక స్ప్రింగు రేటును (గట్టిదనాన్ని) ఎంచుకుని, దానికి తగ్గట్టు షాక్ లోపలి వాల్వులను సరిచేసి, రాడ్ పొడవును కూడా దించిన ఎత్తుకు సరిపోయేలా చేసి ఇస్తుంది. ఉదాహరణకు షాక్‌ల కంపెనీ బిల్‌స్టీన్‌లో బీ6 ఫ్యాక్టరీ ఎత్తుకు, బీ8 దించిన కారుకు పొట్టి చేసిన రకం. బీ8కి ఐబాక్ స్ప్రింగులు జత చేసి అమ్మేది బీ12. దించిన కారుకు బీ6 వేసినా, ఫ్యాక్టరీ ఎత్తుకు బీ8 వేసినా కదలిక చోటు ఏదో ఒక వైపు తరుగుతుంది. రాడ్ పొట్టిగా ఉంటే చక్రం కిందికి పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు తన సీటులోంచి జారదు. పొడవైన రాడ్‌తో పొట్టి స్ప్రింగు వేస్తే వచ్చే ప్రమాదం అదే.

సర్దుబాటు ఏదీ లేకపోవడం లోపమని కొందరంటారు. రోడ్డు కారుకు అది లోపం కాదు, తప్పు అమరిక పెట్టుకునే అవకాశమే లేదు. కాస్త సర్దుబాటు కావాలంటే కోనీ కంపెనీ పసుపు రంగు షాక్‌లకు రీబౌండ్ ఒక్కటే మార్చుకునే వీలుంది, స్ప్రింగు మీ ఇష్టం. మెత్తదనం ముఖ్యమైతే కోనీ స్పెషల్ యాక్టివ్ రకం గరుకు రోడ్డు మీది చిన్న అదురులకు మెత్తగా, బాడీ ఊగిసలాటకు గట్టిగా పనిచేస్తుంది.

కాయిలోవర్లు

ఇక్కడ పేరు ఒకటే, లోపలి సరుకు వేర్వేరు. కొనేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న సర్దుబాటు నాబ్‌కు క్లిక్కులు ఎన్ని అని కాదు, ఎత్తు ఎలా మారుతుంది అని.

ఒక రకంలో మరలున్న బాడీ మీద స్ప్రింగు సీటు ఒక్కటే పైకీ కిందికీ తిరుగుతుంది. సీటును 20 మి.మీ. దించితే కారు సుమారు అంతే దిగుతుంది, షాక్‌లో పైకి కదిలే చోటూ అంతే తరిగిపోతుంది. అంటే బాగా దించితే లోయరింగ్ స్ప్రింగుల చిక్కే మళ్లీ వస్తుంది. కేడబ్ల్యూ వంటి కంపెనీలు ఈ పద్ధతిలోనే మంచివి చేస్తాయి, కానీ వాళ్లు చెప్పిన ఎత్తు పరిధి దాటకూడదు. రెండో రకంలో షాక్ బాడీ మొత్తం కింది బ్రాకెట్‌లో తిరుగుతుంది. బీసీ రేసింగ్ బీఆర్, టైన్ ఫ్లెక్స్ జెడ్ ఈ కోవలోవి. ఎత్తు మార్చినా షాక్ కదలిక మారదు. అయితే టైరు వెళ్లి ఫెండర్ లోపలి అంచునో లైనర్‌నో తాకుతుంది, డ్రైవ్ షాఫ్ట్ వంపు పెరుగుతుంది. కదలిక మిగలడం, దానికి చోటు ఉండడం ఒకటి కాదు.

ప్రీలోడ్ (స్ప్రింగును ముందే కొంత నొక్కి ఉంచడం) విషయంలో ఒక అపోహ బాగా పాతుకుపోయింది. సీటును బిగించి స్ప్రింగును నొక్కితే స్ప్రింగు గట్టిపడదు. మి.మీ.కు 6 కిలోల స్ప్రింగు (ఒక్కో మి.మీ. నొక్కడానికి 6 కిలోల బరువు కావాల్సింది) ఎంత నొక్కినా 6 కిలోలదే. కారు ఎత్తు మారుతుంది, కిందికి సాగే చోటు తగ్గుతుంది, అంతే.

ఇక స్ప్రింగు రేటు. పెట్టె మీద రాసింది స్ప్రింగు దగ్గరి గట్టిదనం, చక్రం దగ్గరిది కాదు. చక్రం ఎంత కదిలితే స్ప్రింగు ఎంత కదులుతుందో ఆ నిష్పత్తిని వర్గం చేసి గుణించాలి. మెక్‌ఫర్సన్ స్ట్రట్‌లో ఆ నిష్పత్తి 0.95 దగ్గర ఉంటే 6 కిలోల స్ప్రింగు చక్రం దగ్గర దాదాపు 5.4. పలు చేతులతో చక్రాన్ని పట్టే వెనుక మల్టీలింక్‌లో నిష్పత్తి 0.65 అయితే అదే స్ప్రింగు చక్రం దగ్గర 2.5 కిలోలే. అందుకే ముందు 6, వెనుక 6 అని చూసి రెండూ సమానమనుకోకూడదు.

ముందు ఒక్కో చక్రం మీద 320 కిలోల బాడీ బరువు ఉన్న స్ట్రట్ కారును తీసుకుంటే, 4 కిలోల స్ప్రింగుతో సహజ ఊగుడు సెకనుకు 1.7 సార్లు, 6 కిలోలతో 2, 8 కిలోలతో 2.4 వస్తుంది. మామూలు కార్లు 1.2 నుంచి 1.5 మధ్య ఉంటాయి. రోజూ తిరిగే స్పోర్టీ కారుకు 1.6 నుంచి 1.9 బాగుంటుంది. 2 దాటితే అది ట్రాక్ వైపు మొగ్గినట్టే, గతుకుల రోడ్డు మీద టైరు నేలను విడిచి ఎగురుతుంది, పట్టు పెరగకపోగా తగ్గుతుంది. గట్టిగా ఉంటే వేగంగా వెళ్తుందన్నది నున్నటి ట్రాక్‌కు సగం నిజం, గతుకుల రోడ్డుకు అసలు నిజం కాదు.

సర్దుబాటు సంగతికొస్తే, ఒకే నాబ్ ఉన్నవాటిలో ఎక్కువ భాగం రీబౌండ్ మారుతుంది, కంప్రెషన్ (నొక్కుకునేటప్పటి డాంపింగ్) కూడా కాస్త కదులుతుంది. కేడబ్ల్యూ వీ1లో డాంపింగ్ సర్దుబాటు లేదు, వీ2లో రీబౌండ్, వీ3లో రెండూ విడివిడిగా. రీబౌండ్ తక్కువైతే కారు తేలుతూ పోతుంది. ఎక్కువైతే వరస గుంతల్లో చక్రం కిందికి సాగకముందే తరువాతి గుంత వచ్చి, కారు కొంచెం కొంచెంగా కిందికి దిగి బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. నాబ్ పూర్తిగా బిగించి "స్పోర్ట్‌లో పెట్టాను" అనేవారికి నిజానికి జరిగేది ఇదే. కంపెనీ పుస్తకం చెప్పిన మధ్య స్థానంతో మొదలుపెట్టి, ఒక్కసారికి ముందు గానీ వెనుక గానీ రెండు క్లిక్కులే మార్చి, అదే రోడ్డు మీద మళ్లీ నడపండి. లెక్క పూర్తిగా బిగించిన వైపు నుంచా, వదిలిన వైపు నుంచా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, అదీ రాసి పెట్టుకోండి.

కాయిలోవర్ తెచ్చిపెట్టే పనులు కూడా ఉన్నాయి. రబ్బరు టాప్ మౌంట్ స్థానంలో పిల్లో బాల్ (లోహపు గుండ్రటి కీలు) వస్తే స్టీరింగ్ పదునెక్కుతుంది, కానీ దుమ్మూ నీరూ చేరాక టిక్ టిక్ మొదలవుతుంది. మరలు తుప్పు పడితే లాక్ రింగు కదలదు. ఏడాదికి రెండుసార్లైనా బ్రష్‌తో శుభ్రం చేసి తుప్పు పట్టనివ్వని పూత వేయాలి.

యాంటీ రోల్ బార్

ఇది ఎడమ, కుడి చక్రాలను కలిపి బాడీ ఒరగడాన్ని అడ్డుకునే కడ్డీ. ఎత్తు మార్చకుండా కారు బ్యాలెన్స్ మార్చాలంటే దీన్ని మించింది లేదు. బార్ గట్టిదనం వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. లోపల బోలు లేని 22 మి.మీ. బార్ స్థానంలో 24 మి.మీ.ది వేస్తే 40 శాతం పైగా గట్టిపడుతుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు మలుపులో ముక్కు బయటికి తోసుకుపోతుంటే వెనుక బార్ పెంచండి, ముందుది కాదు. అతిగా పెంచితే తడి రోడ్డు మీద యాక్సిలరేటర్ వదలగానే వెనుక జారుతుంది. దించిన కారులో బార్ చివరలను సస్పెన్షన్‌కు కలిపే లింక్ రాడ్లు సర్దుబాటు రకమైతే, కారు నేల మీద నిలిచి ఉండగా బార్ మీద ఏ ఒత్తిడీ లేకుండా పొడవు సరిచేయాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే కారు ఒక వైపు మలుపులో ఒకలా, రెండో వైపు ఇంకోలా తిరుగుతుంది.

దించితే జ్యామితికి ఏమవుతుంది

స్ట్రట్ కారును దించితే లోయర్ ఆర్మ్ బయటి చివర పైకి లేస్తుంది, రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) కారు గురుత్వ కేంద్రం కంటే ఎక్కువగా కిందికి పడిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి ఒరిగే బలానికి పట్టు చిక్కుతుంది. అంటే దించిన మేలులో కొంత తిరిగి పోతుంది. 25 మి.మీ. దాకా దీన్ని పట్టించుకోనక్కర్లేదు. 40 దాటితే పొడవైన పిన్ను ఉన్న బాల్ జాయింట్లు, వాటితో పాటు టై రాడ్ ఎండ్ల కోణం సరిచేసే భాగాలు వేయాల్సిందే. లేకపోతే గుంత తగిలినప్పుడల్లా స్టీరింగ్ తనంతట తానే కొంచెం తిరుగుతుంది.

ఎవరికి ఏది

కారు రోజూ ఆఫీసుకు, వారాంతంలో కొండ దారుల్లో అయితే 20–25 మి.మీ. దించే జోడీ కిట్, దానికి తోడు వెనుక బార్. కారు కొత్తది, చూపు కోసమే అయితే స్ప్రింగులు చాలు. ట్రాక్‌కు వెళ్తూ, టైర్లు మారుస్తూ, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఒరిగే కోణం) మార్చుకుంటూ ఉండేవారికి కాయిలోవర్. నాబ్ ఒక్కసారి పెట్టి మళ్లీ ముట్టుకోనివారు ఆ డబ్బుతో మంచి జోడీ కిట్ తీసుకుంటే మెరుగైన షాక్ దొరుకుతుంది. చవక కాయిలోవర్ కంటే మంచి జోడీ కిట్ ఎప్పుడూ మేలు. ఎలక్ట్రానిక్ డాంపర్లున్న కారైతే ముందు ఆ వ్యవస్థతో కలిసి పనిచేసే స్ప్రింగులే వెతకండి. ఆ డాంపర్లను తీసేస్తే డాష్‌బోర్డులో హెచ్చరిక ఆర్పడానికి వేరే మాడ్యూల్ కావాలి.

బిగించేటప్పుడు

పాత ఎత్తును చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి లెక్క తప్పిస్తుంది. స్ప్రింగు కంప్రెసర్ కొక్కేలు ఎదురెదురుగా ఉండాలి, చేతి పానాతో రెండు వైపులా కొంచెం కొంచెంగా బిగించాలి, స్ప్రింగు చివర ఎదురుగా మనిషి ఉండకూడదు. టాప్ నట్టుకు ఇంపాక్ట్ గన్ వాడితే రాడ్ గిర్రున తిరిగి సీలు పోతుంది. రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకుంటే గీత పడి అదే గీత సీలును కోస్తుంది. అలెన్ కీతో రాడ్ ఆపి, రింగ్ పానాతో బిగించండి. బంప్ స్టాప్‌ను కిట్ పుస్తకం చెప్పినంతే కోయండి, పూర్తిగా తీసేయకండి.

చాలామంది వదిలేసేది బుష్ బోల్టుల సంగతి. చక్రాలు వేలాడుతుండగా లోయర్ ఆర్మ్ బోల్టులు బిగిస్తే, కారు దిగాక రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉంటుంది, కొద్ది నెలల్లో చిరుగుతుంది. ఆర్మ్ కింద జాకీ పెట్టి, హబ్ నుంచి ఫెండర్ దూరం కొత్త ఎత్తుకు వచ్చేదాకా లేపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించండి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు బిగుసుకోకూడదు.

అలైన్‌మెంట్‌ను మొదటి రోజే ఒకసారి, స్ప్రింగులు కుదురుకున్నాక కొన్ని వందల కిలోమీటర్ల తరువాత మళ్లీ చేయించండి. రోడ్డు కారుకు ముందు చక్రాల క్యాంబర్ మైనస్ 1 నుంచి 1.5 డిగ్రీలు, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగిన కొలత) సున్నా దగ్గర, వెనుక కాస్త టో ఇన్. టైరు లోపలి అంచు త్వరగా అరిగితే అందరూ క్యాంబర్‌ను తిడతారు, ఎక్కువసార్లు దోషం టోది. హెడ్‌లైట్ల ఎత్తు సరిచేయించండి. విండ్‌షీల్డ్ వెనుక కెమెరా ఉంటే దాని క్యాలిబ్రేషన్ కూడా అప్పుడే, ఎందుకంటే దానికి తెలిసిన కారు ఎత్తు ఇప్పుడు లేదు.