పాయింటెడ్ పెల్లెట్లు కొనేముందు ఒక్క మాట

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు పిల్లల చేత ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసు చేయిస్తున్నవాళ్ళు ఇది చదవండి. నాకు పోయింది రెండు డబ్బాల ఖరీదే. మా మేనల్లుడికి మాత్రం మూడు వారాల ప్రాక్టీసు పోయింది.

వాడు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కొడతాడు. ఫ్లాట్ హెడ్ పెల్లెట్లు (తల చదునుగా ఉండే సీసపు గుళ్ళు) అయిపోతే బరంపురంలో ఒక షాపుకి వెళ్ళాను. "ఫ్లాట్‌వి పాత మోడల్ సార్, ఈ మొన ఉన్నవి తీసుకోండి. సూదిలా దిగిపోతాయి, గురీ తప్పదు" అని 500 ఉన్న డబ్బాలు రెండు అంటగట్టాడు. నాకూ నిజమే అనిపించింది. మొన లేని మేకు గోడలో దిగుతుందా మరి?

అదే రైఫిల్, అదే దూరం. పాత పెల్లెట్లు అయిదు కొడితే చిటికెనవేలి గోరంత చోటులో పడేవి. ఇవి రూపాయి బిళ్ళ దాటి చెదిరిపోయాయి. వాడి ధ్యాస ఫోను మీదే ఉందని నాలుగు చీవాట్లు పెట్టాను. "నా తప్పు కాదు మావయ్యా" అని ఏడుపు మొహం పెట్టాడు పాపం.

చివరికి మా వీధి కంసాలి దగ్గరికి పట్టుకెళ్ళాం. బంగారం తూచే కాటాలో ఒకటి 0.49 గ్రాములు, ఇంకొకటి 0.56. భూతద్దం పెట్టి చూస్తే సగానికి సగం మొనలు ఓ పక్కకి వాలి ఉన్నాయి. సీసం మెత్తన కదా, డబ్బాలో ఒకదానికొకటి తగిలినా నలుగుతుంది. బ్యారెల్ లోపలి గాడుల వల్ల పెల్లెట్ గిర్రున తిరుగుతూ పోతుంది. మొన పక్కకుంటే బరువు నడిమధ్యన ఉండదు, సరిగా చెక్కని బొంగరంలా ఊగుతుంది. వెనక అంచు నొక్కుకుపోయినా అంతే, గాలి పక్కనుంచి జారిపోతుంది.

ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే. ఫ్లాట్ హెడ్ కాగితాన్ని పంచింగ్ మిషన్‌లా గుండ్రంగా కోస్తుంది, స్కోరు తేల్చడం తేలిక. మొనది చింపుతుంది. ఫ్లాట్‌కీ ఓ లోపం ఉంది, గాలిని ఎదురుగా నెడుతూ పోతుంది కాబట్టి త్వరగా వేగం తగ్గుతుంది. పాతిక మీటర్లు దాటితే గుండ్రటి తల ఉన్న డోమ్ పెల్లెట్టే మేలు.

మరి లోతు సంగతి? బట్టల సబ్బు పెట్టి కొట్టి చూశాం. ఫ్లాట్ కంటే మొనది లోతుగా దిగిన మాట నిజమే, కానీ డోమ్‌తో పోలిస్తే తేడా నూలుపోగంత. మామిడి చెక్క మీదైతే మొన నలిగి బొడిపెలా అయిపోయింది.

డబ్బాలు వెనక్కి ఇవ్వబోతే "మూత తీశారు కదా" అన్నాడు షాపువాడు. పైగా 5.5 మిల్లీమీటర్ల రైఫిల్ చూపించి, లైసెన్సు అక్కర్లేదన్నాడు! 2016 ఆయుధ నియమాల ప్రకారం బ్యారెల్ రంధ్రం 4.5 మిల్లీమీటర్లు గానీ, పెల్లెట్ బయటికొచ్చేటప్పటి శక్తి 20 జౌళ్ళు గానీ దాటితే లైసెన్సు ఉండాల్సిందే. ఇలాంటి మాట నమ్మి కేసులో ఇరుక్కోకండి.

కొనేటప్పుడు డబ్బా మీద బరువు, 4.49 లేదా 4.50 అని తల సైజు రాసి ఉందో లేదో చూడండి. ముందు ఒక్క డబ్బాయే తీసుకోండి. నా దగ్గర ఇంకా డబ్బాన్నర మిగిలింది. గాలానికి సీసం కావాలని మా బావ అడుగుతున్నాడు, ఇచ్చేస్తాను.