స్విమ్మింగ్ పూల్‌లోకి ఏ క్లోరిన్ మేలు: బిళ్లలా, ద్రవమా?

క్లోరిన్ మానకుండా వేస్తున్నాం, టెస్ట్ కిట్ 3 పీపీఎం (పది లక్షల పాళ్లలో 3 పాళ్లు) చూపిస్తోంది, అయినా గోడలకు నాచు పడుతోంది, ఎందుకని? పదేపదే వచ్చే ఈ ప్రశ్న వెనక చాలాసార్లు ట్రైక్లోర్ బిళ్లలే ఉంటాయి. అందుకే ఏది మేలో తేల్చుకునేటప్పుడు ధరకన్నా శ్రమకన్నా ముందు చూడాల్సింది ఒకటుంది: క్లోరిన్ ఖర్చయ్యాక నీళ్లలో ఏం మిగిలింది?

బిళ్ల కరిగితే క్లోరిన్‌తో పాటు సయనూరిక్ ఆమ్లం కూడా దిగుతుంది. స్టెబిలైజర్ అనేది దాన్నే. ఆరుబయటి పూల్‌కి అది 30–50 పీపీఎం కావాల్సిందే, లేకపోతే ఎండకు క్లోరిన్ కొన్ని గంటల్లోనే పోతుంది. చిక్కేమిటంటే అది ఆవిరి కాదు, ఫిల్టర్‌లో ఆగదు. బిళ్లల నుంచి 10 పీపీఎం క్లోరిన్ వస్తే స్టెబిలైజర్ 6 పీపీఎం పెరుగుతుంది. రోజుకు 2 పీపీఎం ఖర్చయ్యే పూల్‌లో నెలకు 36. నీళ్లు మార్చకపోతే మూడు నెలల్లో వంద దాటుతుంది. ఫ్రీ క్లోరిన్ (ఇంకా ఖర్చు కాకుండా నీళ్లలో ఉన్న క్లోరిన్) స్టెబిలైజర్‌లో 7.5 శాతమైనా ఉండాలి కనుక, 40 దగ్గర సరిపోయిన 3 పీపీఎం 100 దగ్గర చాలదు, 7.5 కావాలి. నాచు పట్టేది ఇక్కడే. స్టెబిలైజర్‌ని తగ్గించడానికి నమ్మదగ్గ దారి నీళ్లు తోడెయ్యడమే: సగం మారిస్తే సగమవుతుంది. భూగర్భజలం పైనున్న చోట మాత్రం పూర్తిగా ఖాళీ చేయకండి, అడుగు నుంచి నీటి ఒత్తిడికి పూల్ తొట్టే పైకి లేవొచ్చు.

ద్రవ క్లోరిన్, అంటే సోడియం హైపోక్లోరైట్, మిగిల్చేది కాస్త ఉప్పు మాత్రమే. 10 శాతం ద్రవమైతే 50,000 లీటర్ల పూల్‌లో అర లీటరుకు 1 పీపీఎం పెరుగుతుంది. సాయంత్రం పంపు నడుస్తుండగా, నీళ్లు తిరిగొచ్చే నాజిల్ ఎదుట సన్నగా పోయాలి. స్టెబిలైజర్‌ని మొదట్లో విడిగా కలుపుకోవాలి. రోజూ పోయాల్సి రావడం దీని లోటు. వేడికీ వెలుతురుకీ బలం తగ్గిపోతుంది కాబట్టి రెండు మూడు వారాలకు సరిపడానే కొని నీడలో ఉంచాలి. ఇంత చాకిరీ ఉన్నా రోజువారీ వాడకానికి నా ఓటు దీనికే. బిళ్లలు వారం పాటు ఇంట్లో లేనప్పుడు పనికొస్తాయి.

కాల్షియం హైపోక్లోరైట్ పొడి నీళ్ల కాఠిన్యం పెంచుతుంది. అసలే కాఠిన్యం ఎక్కువున్న నీళ్లయితే టైల్స్ మీద తెల్లపొర కడుతుంది. డైక్లోర్ అనే మరో క్లోరిన్ పొడి స్టెబిలైజర్‌ని బిళ్లలకన్నా ఎక్కువే నీళ్లలో కలుపుతుంది. సాల్ట్ క్లోరినేటర్, అంటే నీళ్లలోని ఉప్పు నుంచి క్లోరిన్ తీసే యంత్రం, చేసేదీ హైపోక్లోరైట్‌నే, అయితే పీహెచ్ ఎక్కుతూ ఉంటుంది కనుక యాసిడ్ దగ్గరుంచుకోవాలి.

బిళ్లలు వాడితే తేలే డబ్బాలోనే వేయండి. స్కిమ్మర్‌లో (నీటి పైని చెత్తను లాగే గూటిలో) వేస్తే పంపు ఆగినప్పుడు అక్కడ చేరిన ఆమ్లపు నీళ్లు, మళ్లీ పంపు వేయగానే హీటర్‌లోని రాగి గొట్టాలను తినేస్తాయి. బిళ్లలున్న డబ్బాలో కాల్షియం హైపోక్లోరైట్ పొడి ఎప్పుడూ వేయొద్దు, బిళ్లల గరిటెతో దాన్ని ముట్టుకోవద్దు: రెండూ తగిలితే మంటలు లేస్తాయి, పేలతాయి కూడా.