విచ్చుకునే ములికా, కదలని ములికా: 50 పౌండ్ల విల్లువాడి లెక్క

జింకవేటలో బాణం కొసకి బిగించే ములుకులు రెండు రకాలు వాడి చూసి రాస్తున్న రివ్యూ ఇది. ముందే చెప్పేస్తున్నా, నేను విల్లు తాడు లాగే బలం 50 పౌండ్లే. షటిల్ ఆడుతుంటే కుడి భుజం పట్టేసింది, అప్పటిదాకా 60 మీదున్న కాంపౌండ్ బోని (కొసల్లో చక్రాలుండే విల్లు) కిందికి దించాల్సొచ్చింది. 70 లాగే కుర్రాళ్ళకి ఈ రివ్యూలో సగం పనికిరాదు.

ఉండేది పెన్సిల్వేనియాలో, హారిస్‌బర్గ్ పక్కన మెకానిక్స్‌బర్గ్. మాది నల్లమల అంచున ఆత్మకూరు. చిన్నప్పుడు చెంచుల భుజాన విల్లు చూసి నోరు తెరిచినవాణ్ణే గానీ, జింక మీద బాణం వేస్తానని కల్లో కూడా అనుకోలేదు. "ఇక్కడైతే 1972 వన్యప్రాణి చట్టం కింద లోపలేస్తారు, అక్కడ లైసెన్సిచ్చి మరీ పంపిస్తారా?" అని మామయ్య ఇప్పటికీ ఫోన్లో ఆశ్చర్యపోతాడు. పంపిస్తారు మామా, కాకపోతే ముందు క్లాసులో కూర్చోబెట్టి పరీక్ష పెడతారు.

మొదటి రెండు సీజన్లూ మెకానికలే వాడాను, అంటే తగిలాక బ్లేడ్లు విచ్చుకునే ములికి. రెండు బ్లేడ్లు, విచ్చుకుంటే 2 అంగుళాల కోత, బరువు 100 గ్రెయిన్లు, అంటే ఆరున్నర గ్రాములు. కంపెనీ పేరు వద్దులెండి, ఇలాంటివి చాలామంది చేస్తున్నారు. దీని సుఖం దీనిదే. బ్లేడ్లు ముడుచుకుని ఉంటాయి కాబట్టి గాలి పట్టదు, ప్రాక్టీసులో వాడే బ్లేడ్లు లేని మొన, ఫీల్డ్ పాయింట్, ఎక్కడ తగిలితే ఇదీ అక్కడే తగులుతుంది. విల్లుని సరిచేసుకునే గొడవ దాదాపు లేదు. కొన్నవాడు శనివారం అడవికెళ్ళిపోవచ్చు. నేనూ అలాగే వెళ్ళాను.

తంటా వేరేచోట వచ్చింది. బ్లేడ్లని పట్టి ఉంచేది మెడకున్న చిన్న ప్లాస్టిక్ రింగు. నవంబరు చలికి అది క్వివర్‌లోనే, అదే అమ్ములపొదిలోనే, పగిలింది. చెట్టెక్కి, బెల్టు కట్టుకుని, బాణం బయటికి తీస్తే బ్లేడొకటి వేలాడుతోంది. చీకట్లో, 18 అడుగుల ఎత్తులో, చేతి తొడుగులతో రింగు మార్చడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. నా చూపుడువేలి మీద గీత ఇంకా ఉంది.

అసలు దెబ్బ ఆ మర్నాడు. 22 గజాల్లో ఆడజింక, అటు తిరిగి ఏటవాలుగా నిలబడింది. వదిలాను. తగిలిన చప్పుడు బాగానే ఉంది, కానీ బాణం సగమే దిగింది, అవతలికి రాలేదు. పక్కటెముక మీద ఒక బ్లేడు ముందు విచ్చుకుని బాణాన్ని పక్కకి తోసిందని తర్వాత చర్మం ఒలిచినప్పుడు తెలిసింది. పైనుంచి కొట్టిన గాయం ఒంట్లో ఎత్తున ఉంటుంది, కింద రెండో రంధ్రం లేకపోతే నెత్తురంతా కడుపులోనే నిండుతుంది. ఆకుల మీద పడేది చుక్కా చుక్కా. నాకీ విద్య నేర్పిన పక్కింటి పెద్దాయన్ని పిలిస్తే, ఆయన వచ్చి, నా మొహం చూసి, థర్మోస్‌లో కాఫీ పోసిచ్చి "కూర్చో, తొందరపడితే లేచి పారిపోతుంది" అన్నాడు. తర్వాత హెడ్‌లైటు పెట్టుకుని నాలుగు గంటలు వెతికాం. వాగు ఒడ్డున దొరికింది. ఆ నాలుగు గంటలూ నేను నన్ను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. ఆ కోణంలో వదలడం నా తప్పు కూడా, కాదనను.

లెక్క వేసుకుంటే సంగతి తేలింది. నా బాణం 420 గ్రెయిన్లు, వేగం సెకనుకి 230 అడుగులు. అంటే శక్తి 49 ఫుట్-పౌండ్లు. అందులో కొంత బ్లేడ్లు విప్పడానికే పోతుంది, మిగిలింది 2 అంగుళాల వెడల్పున మాంసం చీల్చుకుంటూ పోవాలి. 70 పౌండ్లు లాగేవాడికి అది పెద్ద విషయం కాదు. నాకు ప్రతి పౌండూ కావాలి.

అందుకే బ్లేడ్లు కదలని ఫిక్స్‌డ్ రకం ములికి, జీ5 కంపెనీ మాంటెక్ కొన్నాను, మూడింటి ప్యాకెట్టు 40 డాలర్ల పైచిలుకు. మూడు బ్లేడ్లూ మొనా అన్నీ ఒకే ఉక్కు ముక్క. విరగడానికీ ఊడడానికీ ఏమీ లేదు. కోత 27 మిల్లీమీటర్లు, అంటే పాతదాంట్లో సగం. మా పెన్సిల్వేనియాలో కోత కనీసం 7/8 అంగుళం ఉండాలి, ఇది దాటుతుంది. నాకు బాగా నచ్చింది పదును పెట్టడం. సానరాయి మీద రెండు బ్లేడ్లు ఒకేసారి బల్లపరుపుగా ఆనుతాయి, కోణం కోసం తంటాలు పడక్కర్లేదు. పెరుగన్నం తిని, కిచెన్ బల్ల దగ్గర కూర్చుని, తిప్పుతూ నూరుకోవడమే. ముంజేతి వెంట్రుక తెగితే చాలు. "పిల్లలు లేచేలోపు ఆ పెట్టె పైన పెట్టేయండి" అని మా ఆవిడ రోజూ చెప్తుంది, రోజూ మర్చిపోతాను.

ఇక ఖర్చు. డాలర్లు కాదు, సాయంత్రాలు. మొదటిరోజు 30 గజాల్లో ఫీల్డ్ పాయింట్లు మధ్యలో, మాంటెక్‌లు 6 అంగుళాలు ఎడమకి. తప్పు ములికిది కాదు, నా విల్లుది. ముందు రెక్కలుంటే బాణం వంకర దాచుకోలేదు, అంతే. విల్లు మీద బాణం ఆనే రెస్టుని కుడికి అంగుళంలో 32వ వంతు జరిపి నాలుగు బాణాలు, మళ్ళీ కొంచెం, మళ్ళీ నాలుగు. మూడో సాయంత్రానికి రెండు గుంపులూ కలిశాయి. ఈ ఓపిక లేనివాళ్ళు ఫిక్స్‌డ్ జోలికి వెళ్ళొద్దు. అడవిలో ఆ 6 అంగుళాలంటే ఊపిరితిత్తులకీ పేగులకీ ఉన్న తేడా.

పోయిన అక్టోబరులో 18 గజాలు, పక్కకి తిరిగిన ఆడజింక. బాణం దూసుకెళ్ళి అవతల మట్టిలో గుచ్చుకుంది. అరగంట ఆగి దిగాను. దారి సన్నంగా ఉన్నా ఎక్కడా తెగలేదు, 70 గజాల్లో పడి ఉంది. కూర అల్లం వెల్లుల్లి దట్టించి కుక్కర్లో ఆరు విజిళ్ళు.

మిగిలిన మెకానికల్స్ రెండూ మా వీధి చివరి తమ్ముడికిచ్చాను. ఈ మధ్యే వేట మొదలెట్టాడు, 70 పౌండ్లు అవలీలగా లాగుతాడు. "మెకానిక్స్‌బర్గ్‌లో ఉంటూ మెకానికల్ వద్దంటావేంటన్నా" అని నవ్వుకుంటూ పట్టుకెళ్ళాడు. నవంబరులో ఫోటో పంపాడు, కొమ్ములకి ఎనిమిది కొనలున్న మగజింక, రెండువైపులా నా బొటనవేలు దూరేంత రంధ్రాలు. కింద మెసేజ్: "అన్నా, ఇంకా ఏమన్నా ఉన్నాయా?"